మబ్బుల మీద నెపం వేయకండి

చిన్న విమానమో హెలికాప్టరో కూలి పెద్దమనిషి పోతే మన నోట ఒకటే మాట: వాతావరణం అనుకూలించలేదు! మబ్బు ఎవరి మీదికీ రాలేదు. దాన్లోకి దూరింది మనిషి.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలింది. కుట్ర, కుట్ర అని గొంతు చించుకున్నవాళ్లలో విచారణ నివేదిక తిరగేసినవాళ్లెందరు? ఆయిల్ ప్రెషర్ తగ్గిందని హెచ్చరిక దీపం వెలిగింది. ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లు ఆరు నిమిషాలకు పైగా దాంట్లోనే మునిగిపోయారు. చుట్టూ దట్టమైన మేఘాలు, కింద కొండలు. వెనక్కి మాత్రం తిప్పలేదు.

మబ్బులో చూపు పోగానే ఒళ్లు అబద్ధమాడుతుంది. విమానం మెల్లగా ఒరుగుతుంటే లోపలి చెవి పసిగట్టదు, తిన్నగానే పోతున్నామంటుంది. ఒరిగిన విమానం సుడి తిరుగుతూ దిగుతుంది. ఎత్తు తగ్గుతోందని పైలట్ ముక్కు పైకి లాగితే ఆ సుడి ఇంకా బిగుస్తుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరికరాలు చూసి నడపడం రాని 20 మందిని పరీక్షిస్తే, వాళ్లు అదుపు తప్పడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు!

ఇది తెలియక కాదు చావడం. 1999 జులైలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుక్కి పరికరాలు చూసి నడిపే అర్హత లేదు. తోడొస్తానన్న శిక్షకుడితో ఒంటరిగానే నడుపుతానన్నాడు. రాత్రివేళ, మసకలో, సముద్రం మీద భార్యనూ వదిననూ తీసుకుని మునిగాడు. 2020 జనవరిలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ హెలికాప్టర్ కాలిఫోర్నియా కొండను ఢీకొంటే తొమ్మిది మంది పోయారు. పొమ్మని పైలట్‌ను ఎవరూ ఒత్తిడి చేసిన ఆధారం లేదు. పెద్ద కస్టమర్‌ను ఎలాగైనా చేర్చాలన్న ఒత్తిడి అతని లోపలే పుట్టి ఉంటుందని దర్యాప్తు తేల్చింది.

అడగకుండానే అంత ఒత్తిడైతే, మన ఎన్నికల సీజన్‌లో "జనం ఎండలో కూర్చున్నారయ్యా, పోనీ" అని వెనక సీటు కసిరితే? జీతగాడు ఏమంటాడు? కాదంటే ఉద్యోగం ఊడుతుంది, ఔనంటే ప్రాణం పోతుంది. కూలాక తప్పు చచ్చిపోయిన పైలట్‌ది. ఎంత సులువు! చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా.

ఎగరాలా వద్దా అన్న నిర్ణయంలో ప్రయాణికుడికీ, అతని పీఏకీ నోరుండకూడదు. వద్దన్న పైలట్‌ను తీసేసిన యజమాని లైసెన్సు రద్దు చేయాలి. ఇది ఏ సర్కారైనా రేపే చేయగల పని.

నాయకులారా, ఈసారి పైలట్ "కుదరదు సార్" అంటే నోరు మూసుకుని కారెక్కండి. సభ రద్దయితే జనం నాలుగు తిట్లు తిట్టి ఇళ్లకు పోతారు, అంతే.