ఆర్డీఎస్ నీళ్లకు అసెంబ్లీల చట్టం జేస్తే సరిపోతదా?

ఓట్లొచ్చిన ప్రతిసారి మా దిక్కు ఒక మాట ఖాయంగ ఇనవడ్తది. గెలిపిస్తే అసెంబ్లీల కొట్లాడి ఆర్డీఎస్ నీళ్లు ఆఖరి మడి దాంక తెస్తమని. ఏ పార్టోళ్లు వచ్చినా ఇదే మాట. మనం గూడ చప్పట్లు గొడ్తం. నాది మానవపాడు మండలమే, చిన్నప్పటి సంది ఇదే ఇంటున్న. కాని ఒక్క ప్రశ్న మాత్రం మనం గట్టిగ అడగం. అసలు ఆర్డీఎస్ నీళ్లు తెచ్చే తాకత్ హైదరాబాద్ అసెంబ్లీకి ఉన్నదా? ఉంటే ఎంత? లేకుంటే ఎవరి చేతుల ఉన్నది?

ఇది బడి పుస్తకంల సమాఖ్య వ్యవస్థ పాఠంలెక్క కనవడ్తది. కాని మన మిరప చేను, వరి మడి ఈ పాఠం మీదనే ఆధారపడి ఉన్నయి. ఎవర్ని అడగాల్నో తెల్వకుంటే ఇంకో ఇరవై ఏండ్లు గూడ ఇట్లనే చప్పట్లు కొట్టుకుంట కూసుంటం.

ఆనకట్ట అటు, ఆయకట్టు ఇటు

రాజోలిబండ ఆనకట్ట కర్ణాటకల, రాయచూర్ జిల్లాల తుంగభద్ర మీద ఉన్నది. నిజాం కాలంల ఈ పని మొదలైనప్పుడు అది పరాయి రాష్ట్రం గాదు. మన అలంపూర్, గద్వాల తాలూకాలు గూడ అప్పుడు రాయచూర్ జిల్లాలనే ఉండె. 1956ల భాషల లెక్కన రాష్ట్రాలు పంచిండ్రు. రాయచూర్ మైసూర్ రాష్ట్రంలకు పోయింది, మన తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాల కలిసినయి. ఆనకట్ట అటే ఉండిపోయింది, 87,500 ఎకరాల ఆయకట్టు ఇటు వచ్చింది.

బచావత్ ట్రిబ్యునల్ ఆర్డీఎస్‌ల మన వాటా 15.9 టీఎంసీలని తేల్చింది. కాయితం మీద లెక్క ఖుల్లా ఉన్నది. కాని ఆనకట్ట మరమ్మతు చెయ్యాల్నంటే కర్ణాటక ఇంజనీర్లు చెయ్యాలె. కాల్వ మొదటి ముక్క వాళ్ల ఊర్ల నుంచే వస్తది. ఆనకట్టకు రిపేర్ అంటే నది అవతల కర్నూలు దిక్కు రైతులు తమ నీళ్లు తగ్గుతయని అడ్డం వస్తరు. వాళ్ల భయం వాళ్లది. మూడు రాష్ట్రాల రైతులు ఒక్క కాల్వ చుట్టూ నిలవడ్డరు.

2003ల ఇదే ఆర్డీఎస్ కోసం అలంపూర్ నుంచి గద్వాల దాంక పాదయాత్ర నడిచింది. తెలంగాణ ఉద్యమంల ఈ కాల్వ పేరు ఊరూరా మోగింది. రాష్ట్రం వచ్చింది. చివరి ఆయకట్టుకు పూర్తి వాటా మాత్రం ఇంకా రాలే. ఎందుకు రాలేదో అర్థం గావాల్నంటే రాజ్యాంగం జెర తెరిచి చూడాలె.

మూడు జాబితాలు, మధ్యల ఒక మెలిక

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌ల మూడు జాబితాలున్నయి. కేంద్రానిది ఒకటి, రాష్ట్రాలది ఒకటి, ఇద్దరిది కలిపి ఇంకోటి. నీళ్లు, కాల్వలు, చెరువులు రాష్ట్ర జాబితాల 17వ నంబర్ కింద ఉన్నయి. ఇది చదివి నీళ్లు మన అసెంబ్లీవే గదా అనుకుంటం. కాని ఆ నంబర్‌కే ఒక షరతు ఉన్నది, కేంద్ర జాబితాల 56వ నంబర్‌కు లోబడి అని. ఆ 56 ఏందంటే, రాష్ట్రాలు దాటి పారే నదులు. వాటి మీద పార్లమెంట్ చట్టం జేస్తే అదే చెల్లుతది.

ఇంకా పైన 262వ ఆర్టికల్ ఉన్నది. రాష్ట్రాల నడుమ నది పంచాయితీ తేల్చే తొవ్వ పార్లమెంటే పెట్టాల్నని చెప్తది. ఆ లెక్కనే 1956ల అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం వచ్చింది, ట్రిబ్యునళ్లు వచ్చినయి. ఇగ తుంగభద్ర బోర్డు 1953 నాటిది. 2014 విభజన చట్టం 91వ సెక్షన్ ఆ బోర్డుల తెలంగాణకు, ఆంధ్రకు చోటిచ్చింది. ఆర్డీఎస్‌కు ఇడిసే నీళ్ల మీద నిఘా వెట్టే పని ఆ బోర్డుదేనని రాసిపెట్టింది.

సరే, రేపు మన 119 మంది ఎమ్మెల్యేలు ఒక్కటై ఆర్డీఎస్‌కు 15.9 టీఎంసీలు ఇయ్యాల్సిందేనని చట్టం జేసిండ్రనుకుందాం. రాయచూర్‌ల ఉన్న గేటుకు ఆ చట్టం అంటదు. మన అసెంబ్లీ చట్టం మన సరిహద్దు దాంకనే. కర్ణాటక ఉల్టా చట్టం జేసి నీళ్లియ్యమంటే? అదీ నడవదు. 1991ల కావేరి ట్రిబ్యునల్ ఉత్తర్వును తప్పించుకునేందుకు కర్ణాటక ఆర్డినెన్స్ తెచ్చింది. అది రాజ్యాంగానికి విరుద్ధమని అదే ఏడు సుప్రీంకోర్టు చెప్పింది. 2004ల పంజాబ్ అసెంబ్లీ నీళ్ల ఒప్పందాలను రద్దు జేస్తూ చట్టం జేసింది. 2016ల దానికీ అదే గతి పట్టింది. ఏ అసెంబ్లీకైనా పక్క రాష్ట్రం హక్కు మీద కత్తి వెట్టే అధికారం లేదు. ఎగువల ఉన్న రాష్ట్రం చేతులు కట్టేసిన ఆ రూలే దిగువల ఉన్న మనకు రక్ష.

బిల్లు పాసైతే అయిపోయినట్టు గాదు

నీళ్ల సంగతి పక్కకు వెడ్దాం. అసెంబ్లీ తన ఊరి సంగతిల గూడ ఎంత దూరం పోగల్గుతదో బీసీ బిల్లులు చూపెట్టినయి. 2025 మార్చిల చదువులు, కొలువులు, లోకల్ బాడీల బీసీలకు 42 శాతం ఇయ్యాల్నని అసెంబ్లీ బిల్లులు పాస్ జేసింది. గవర్నర్ వాటిని రాష్ట్రపతికి పంపిండు. అవి అక్కడనే ఆగినయి. సెప్టెంబర్ల సర్కార్ జీవో ఇచ్చింది, అక్టోబర్ల హైకోర్టు స్టే ఇచ్చింది. రిజర్వేషన్లు మొత్తం కలిపి 50 శాతం దాటొద్దనే కోర్టు గీత అడ్డం వచ్చింది. డిసెంబర్ల సర్పంచ్ ఎలక్షన్లు ఆ గీత లోపట్నే అయినయి. నామినేషన్ వేద్దామని ఏడాది సంది ఆశ వెట్టుకున్న బీసీ పిలగాండ్లు ప్రతి ఊర్ల ఉన్నరు.

తమిళనాడుల 69 శాతం ఎట్ల నడుస్తున్నదని చానమంది అడుగుతరు. 1994ల పార్లమెంట్ రాజ్యాంగాన్ని సవరించి తమిళనాడు చట్టాన్ని తొమ్మిదో షెడ్యూల్‌ల వెట్టింది. ఆ తాళం చెవి ఢిల్లీలనే ఉన్నది, హైదరాబాద్‌ల లేదు.

బిల్లుల మీద గవర్నర్ ఎన్ని దినాలు కూసోవచ్చన్నది ఇంకో లొల్లి. 2023ల మన సర్కారే సుప్రీంకోర్టుకు పోయింది. 2025 ఏప్రిల్‌ల తమిళనాడు కేసుల ఇద్దరు జడ్జీలు గడువులు వెట్టిండ్రు. నవంబర్ 20న ఐదుగురు జడ్జీల బెంచ్, కోర్టు గడువులు వెట్టలేదని చెప్పింది. అట్లని కారణం చెప్పకుంట ఎన్నేండ్లైనా ఉంచుకోవద్దన్నది గూడ చెప్పింది. నా మటుకు ఇది సగం న్యాయమే. మనం ఓటేసి పంపినోళ్లు పాస్ జేసిన బిల్లు, మనం ఓటెయ్యని మనిషి బల్ల మీద నెలలకు నెలలు పడి ఉంటే దాని నష్టం ఊర్లనే కనవడ్తది.

అట్లని ఢిల్లీ పెత్తనమంతా దగా అనుకుంటే గూడ తప్పే. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిప్పికొట్టింది. ఐనా ఫిబ్రవరిల పార్లమెంట్ పాస్ జేసింది. ఎందుకంటే మూడో ఆర్టికల్ ప్రకారం కొత్త రాష్ట్రానికి అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు. అసెంబ్లీదే ఆఖరి మాటైతే మనకు తెలంగాణ వచ్చేది గాదు.

మరి ఎవర్ని ఏం అడగాలె?

అసెంబ్లీ చేతుల ఏం లేదంటే అదీ అబద్ధమే. బడ్జెట్ పైసల మీద ఓటు అసెంబ్లీదే. ఆర్డీఎస్ నీళ్లు తక్కువ పడ్తున్నయనే తుమ్మిళ్ల లిఫ్టు వెట్టిండ్రు, 2018ల పనులు మొదలైనయి. అది మన గడ్డ మీద, మన పైసలతోని చేసేది. మిగిలిన పనులు, సరిహద్దు ఇవతల కాల్వ పూడిక, డిస్ట్రిబ్యూటరీల రిపేర్, వీటికి కర్ణాటక ఒప్పుకోవాల్సిన పని లేదు. ఇవి గాకుంటే ఎమ్మెల్యేను నిలదియ్యొచ్చు. ఎన్ని కోట్లు వెట్టిండ్రు, ఎన్ని ఖర్సు జేసిండ్రు, అసెంబ్లీల ఎన్నిసార్లు ప్రశ్న ఏసిండ్రని అడగొచ్చు.

ఆనకట్ట మరమ్మతు, వాటా ప్రకారం నీళ్లు, ఇవి మంత్రులు బెంగళూరుతోని మాట్లాడాల్సినవి, తుంగభద్ర బోర్డుల అడగాల్సినవి. ఆ మీటింగులల్ల మన రాష్ట్రం ఏం అడిగిందో, ఏం జవాబొచ్చిందో బయటవెట్టాల్నని మనం పట్టువట్టాలె.

ఇగ మన నాగర్‌కర్నూల్ ఎంపీ ఎక్కడ? తెలంగాణకు లోక్‌సభల 17 సీట్లు, రాజ్యసభల 7 సీట్లు. ట్రిబ్యునల్ ఆలస్యం మీద మాట్లాడాల్సింది వాళ్లే. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2004ల వచ్చింది, 2010ల తీర్పు చెప్పింది, అది ఇంకా అమల్లకు రాలే. 2014ల రాష్ట్రం వస్తే, కృష్ణా నీళ్లు తెలంగాణ, ఆంధ్ర నడుమ పంచమని ఆ ట్రిబ్యునల్‌కు కేంద్రం చెప్పింది 2023 అక్టోబర్ల. తొమ్మిదేండ్లు ఆ ఫైలు ఎందుకు కదల్లేదో పార్లమెంట్ల అడగాల్సిన పని ఎమ్మెల్యేది గాదు.

మనం మాత్రం సర్పంచ్ కాడి నుంచి ఎంపీ దాంక అందర్నీ ఒకే మాట అడుగుతం, నీళ్లు ఎప్పుడొస్తయని. వాళ్లందరూ ఒకే జవాబిస్తరు, తెస్తమని. ఈసారి ఓట్లకు ఎవరన్న మైకు పట్టుకొని ఆర్డీఎస్ పేరెత్తితే, తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, జెర ఆపి అడుగుండ్రి. నువ్వు చెప్పే పని బడ్జెట్‌తోని అయ్యేదా, బోర్డుల అయ్యేదా, పార్లమెంట్ల అయ్యేదా? దాంట్ల నీ వంతు ఏంది, ఎన్ని దినాలల్ల చేస్తవు? జవాబు ఫోన్ల రికార్డు చేసి పెట్టుకోండ్రి. ఐదేండ్లకు మల్ల వస్తరు గదా, అప్పుడు ఇనిపిద్దురు.