వేడినీటి ఊటకు బయలుదేరే ముందు

కోట వాసులకు నీరు కొత్త కాదు. తూర్పున సముద్రం, చుట్టుపక్కల చెరువులు ఉన్నాయి. అయితే నేల లోపలి నుండి ఆవిర్లు కక్కుతూ ఉబికివచ్చే నీటిని చూడాలంటే మాత్రం మన నెల్లూరు తీరం దాటి దూరం వెళ్లవలసిందే. చలికాలపు సెలవుల్లో కారు మాట్లాడుకుని అటువంటి చోటుకు వెళ్లాలనుకునే కుటుంబాల కోసం ఈ నెల నాలుగు మాటలు చెప్పదలచాము.

వాన నీరు రాతి పగుళ్ల గుండా భూమిలోకి ఇంకుతుంది. లోతుకు పోయిన కొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుండి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. అక్కడ కాగిన నీరు మరో పగులు దొరికిన చోట పైకి వస్తుంది. పొయ్యి లేదు, కట్టె లేదు. అంతా అల్లాహ్ ఏర్పాటు.

మన తెలుగు నేలపై ఇందుకు గోదావరి లోయ ప్రసిద్ధి. భద్రాచలం చెంత గుండాల వద్ద నది ఇసుకను తవ్వితే వేడినీరు ఊరుతుంది. వరద కాలంలో ఆ చోటు నది కిందికి పోతుంది. మణుగూరు దగ్గర పగిడేరులో ఇటువంటి నీటి వేడితోనే విద్యుత్తు తీసే చిన్న ప్లాంటును సింగరేణి సంస్థ నెలకొల్పింది. తృప్తిగా స్నానం చేయాలనుకునేవారు గూడూరు వద్ద 16వ జాతీయ రహదారి ఎక్కి, ఒడిశాలోని బరంపురం దాకా వెళ్లి, అక్కడి నుండి సుమారు 50 కిలోమీటర్ల దూరాన ఉన్న తప్తపాణి చేరుకోవచ్చు. అది గంధకపు ఊట. బరంపురంలో తెలుగువారు ఎందరో ఉన్నారు కాబట్టి భాషకు ఇబ్బంది ఉండదు.

ఇక అసలు విషయానికి వద్దాము. ఇటువంటి చోట్ల సాధారణంగా జరిగేదేమిటి? మగవారు, పిల్లలు నీళ్లలో దిగుతారు. మోకాళ్ల నొప్పులతో బాధపడే అమ్మీ, ఏడాది పొడవునా వంటింట్లో నిలబడే ఇల్లాలు గట్టున కూర్చుని బట్టలకు, చెప్పులకు కాపలా కాస్తారు. వేడినీటి అవసరం ఎక్కువ ఉన్నది ఎవరికి? పరదా పాటించడమంటే ఆమెను ఆ సుఖానికి దూరం చేయడం కాదు. ఆమెకు తగిన చాటు కల్పించడం. ఆ బాధ్యత ప్రయాణం నిర్ణయించిన వారిదే. తప్తపాణిలో ఒడిశా పర్యాటక సంస్థ వారి పాంథనివాస్‌లో ఊట నీటిని గదిలోని తొట్టెకే అందించే ఏర్పాటు ఉంది. అటువంటి గది దొరుకుతుందో లేదో ముందే విచారించుకుని, ఆ తరువాతే తేదీ ఖరారు చేసుకోవాలి. మగవారు కూడా బహిరంగ కుండంలో దిగేటప్పుడు నాభి నుండి మోకాళ్ల వరకు కప్పుకోవాలని మరువరాదు.

గంధకపు వాసన వచ్చే నీటితో వుజూ చెల్లుతుందా అని కొందరు సందేహిస్తారు. పుట్టిన నేల వల్ల వాసన, రుచి మారినా నీటి శుద్ధత పోదు. సముద్రపు నీరు ఉప్పగా ఉన్నా శుద్ధమైనదే కదా. అయితే ఒక జాగ్రత్త అవసరం. వెచ్చని సహజ జలాల్లో అరుదుగా ఒక ప్రమాదకరమైన అమీబా ఉంటుంది. అది ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణాంతకం. కరాచీలో కొందరికి వుజూ నీటి ద్వారానే సోకి ఉండవచ్చునని వైద్యులు భావించారు. కనుక తల ముంచవద్దు. వుజూలో గాని, గుస్ల్‌లో గాని ముక్కులో ఎక్కించుకోవడానికి కాచి చల్లార్చిన నీటిని వెంట తీసుకువెళ్లండి.

ముందుగా పెద్దవారు నీటి వేడిని చేతితో పరీక్షించాలి. పది, పదిహేను నిమిషాలకు మించి ఉండరాదు. గర్భిణులు దిగకపోవడమే క్షేమం. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడగాలి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారిన వారికి కాలినా తెలియదు. వెచ్చదనం నొప్పిని కాసేపు తగ్గిస్తుంది, కాని మందులు మానవద్దు. స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది, వైద్యం చేయించుకోవడం మన విధి.

ఆ ఊటను స్థానికులు పవిత్రంగా భావిస్తారు, పక్కనే వారి ఆలయం ఉంది. సబ్బు నురుగు, ప్లాస్టిక్ సంచులు అక్కడ వదలకుండా రావడం మన సంస్కారం. బయలుదేరే ముందు సామాన్ల జాబితాతో పాటు, ఇంట్లోని స్త్రీలు ఎక్కడ, ఎప్పుడు స్నానం చేస్తారో కూడా రాసుకోండి.