ఇత్తడి గుల్లకు విలువ గట్టని యంత్రము

అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున, ఈరీ సరస్సు తీరమునందు, 1907 మొదలుకొని జాతీయ తుపాకి పోటీలకు నెలవైన క్యాంప్ పెర్రీ వంటి క్రీడారంగములకు వచ్చువారిలో, ప్రేలిన తూటా గుల్లలకు మరల మందు కూరి వాడుకొనువారు పెక్కుమంది కలరు. గుండును, మందును, ప్రైమరును ఒక్క ప్రేల్పుతో వ్యయమైపోవ, మిగులునది సాధారణముగా తూటాలోకెల్ల వెలగల ఇత్తడి గుల్ల యొక్కటే గనుక, అది చెక్కుచెదరక చేతికి వచ్చుటయందే వారి మితవ్యయ మంతయు నిలిచియున్నది.

ఇంచుమించు 70 పాళ్లు రాగియు 30 పాళ్లు తుత్తునాగమును గల ఈ ఇత్తడి, ప్రేలుడు పీడనమునకు ఉబ్బి చాంబరు గోడల నంటుకొని, పీడనము తగ్గినంతనే కొంచెము ముడుచుకొని వదులగును. బోల్టును చేతితో ఎత్తి లాగు తుపాకిలో ఈ సడలింపునకు కావలసినంత వ్యవధి కలదు. 1936లో అమెరికా సైన్యము స్వీకరించిన ఎం-1 గారాండ్ మొదలైన సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లయందు మాత్రము, ప్రేలుడు బలమే యంత్రమును నడుపుటచేత, గుల్ల పూర్తిగా పట్టు విడువకమునుపే కొక్కెము దాని అంచును పట్టి ఈడ్చుటయు, అంచు వంగుటయు, వెలుపలికి ఎగురునపుడు తుపాకికే తగిలి మూతి సొట్టపడుటయు సంభవించును. పశ్చిమ జర్మనీ సైన్యము 1959లో చేకొన్న జి-3 రైఫిలులో, గుల్ల చుట్టును వాయువు ప్రవహించుటకై చాంబరు గోడలలో నిలువు గాడులు చెక్కబడుటచేత, వెలువడిన ప్రతి గుల్లమీదను చారలు తీరియుండును.

దీనిని యంత్రదోష మనుట న్యాయము గాదు. తదుపరి తూటా సకాలమున చాంబరు చేరుటపై సైనికుని ప్రాణ మాధారపడియున్న రణరంగమున, ప్రేలిన గుల్ల గతి యెవనికి పట్టును? అయినను ఆ యంత్రమునే పౌరునికి అమ్మునపుడు ప్రయోజనము మారినది గనుక ప్రమాణమును మారవలెను. ఎం-16ఎ2 రైఫిలుకు, ఎడమచేతివాటము వాని ముఖమునకు గుల్ల తగులకుండ, ప్రక్కన చిన్న మిట్ట నమర్చిన నిర్మాతలకు గుల్ల త్రోవ మళ్లించుట తెలియని విద్య కాదు. జి-3 వర్గపు తుపాకులకు సైతము సొట్టను నివారించు అడ్డు దొరకుచునే యున్నది.

సొట్టను అచ్చులో నొక్కి సరిదిద్దవచ్చు నందురు. నిజమే, కాని సాగి, నొక్కబడి, మరల సాగిన ఇత్తడి నానాటికి పెళుసెక్కి, అడుగుభాగమునకు కొంచెము పైన లోలోపలనే పలుచబడి, ఒకనాడు చాంబరులోనే తెగిపోవచ్చును. లోహమున దాగిన బిగువు ఎట్టిదో మన దేశమే చూచినది: బ్రిటిషు సైన్యము వర్షకాలమున గుఱ్ఱపుసాలలలో దాచిన తూటాల గుల్లలు, అమ్మోనియా సోకి, ప్రేల్చకయే పగిలినవి, తయారీయందు మిగిలిన బిగువే అందుకు తోడైనదని 1921లో శాస్త్రజ్ఞులు వివరించిరి.

కావున తుపాకి గురి సూక్ష్మతను చాటుకొను నిర్మాత, గుల్ల యే స్థితిలో వెలువడునో కూడ కొనువానికి ముందుగా చెప్పవలెను. మితవ్యయమే ప్రధానముగా గల క్రీడాకారుడును, వేగము తన క్రీడకు నిజముగా అవసరమా యని యోచించి, కానిచో చేతి బోల్టునే వరించుట వివేకము.