మనకు రాని అప్పు, వాళ్లకు లేని జాగా



గత నెల మా టీములో కొత్తగా చేరిన తమ్ముడొకడు లంచ్‌లో అడిగాడు. "అన్నా, డౌన్ పేమెంట్ లేకుండా వ్యవసాయ శాఖ వాళ్లు ఇంటికి అప్పు ఇప్పిస్తారంట కదా? ఈ ఇర్వింగ్‌లో కిరాయి కట్టీ కట్టీ విసుగొచ్చింది." ఆ రాత్రి కూర్చుని నిబంధనలు చదివాను.

అప్పు నిజమే. ఇచ్చేది బ్యాంకు, హామీ అమెరికా వ్యవసాయ శాఖది. 30 ఏళ్ల గడువు, మారని వడ్డీ, డౌన్ పేమెంట్ సున్నా. కాకపోతే దాటాల్సిన గేట్లు మూడున్నాయి. మొదటిది ఊరు. ఆ శాఖ మ్యాపులో అది పల్లె ప్రాంతమై ఉండాలి. జనాభా 35 వేలు దాటితే ఆ పట్టణం లెక్కలోకి రాదు. రెండున్నర లక్షలు దాటిన ఇర్వింగ్ సంగతి వేరే చెప్పాలా? రెండోది ఆదాయం. ఇంట్లో పెద్దవాళ్ల సంపాదన అంతా కలిపి, ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతం మించకూడదు. మూడోది వీసా. పౌరసత్వం, గ్రీన్ కార్డు లాంటివి కావాలి, హెచ్-1బి చాలదు. తమ్ముడు మూడో గేటు దగ్గర ఆగిపోయాడు. మా ఆలుమగలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే కాబట్టి నేను రెండో గేటు దగ్గరే ఆగిపోయాను.

నాకిందులో అన్యాయమేమీ కనపడలేదు. ఈ అప్పు మనకోసం పెట్టింది కాదు. ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న ఫానిన్ కౌంటీ లాంటి చోట స్కూలు బస్సు నడిపే మనిషి కోసం పెట్టింది. అర్హత ఉందో లేదో ఆ మనిషి ఇంట్లో కూర్చుని అడ్రసు కొట్టి చూసుకోవచ్చు. ఏ నాయకుడి చీటీ అక్కరలేదు.

దీని వెనకాల ఒక చరిత్ర కూడా ఉంది. 1949 హౌసింగ్ చట్టంలో ఈ అప్పు పొలం సొంతదారులకే ఉండేది. 1961లో సవరణ చేసి, పొలం లేని పల్లెవాసులకు కూడా విస్తరించారు. ఆ రెండు సార్లూ ప్రతినిధుల సభ స్పీకర్ శామ్ రేబర్న్. అదే ఫానిన్ కౌంటీలో పత్తి చేలల్లో పెరిగిన మనిషి. హామీ అప్పు 1990 చట్టంతో వచ్చింది. ఇప్పుడు ఇంటితో పాటు దాని కింది స్థలం కొనడానికి కూడా ఇస్తున్నారు.

ఇది చదువుతుంటే నల్గొండ జిల్లాలోని మా ఊరు గుర్తొచ్చింది. మా పొలం కౌలుకు చేసే ఆయనను నేను చిన్నప్పటి నుంచి కాకా అనే పిలుస్తాను. తెలంగాణలో 2024 మార్చిలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. సొంత జాగా ఉన్న పేదలకు 5 లక్షల సాయం. ఇంటికి ఫోన్ చేసి, "బాపూ, కాకకు ఇల్లొచ్చిందా?" అని అడిగాను.

"జాగ లేదు గద బిడ్డా. లిస్టుల పేరెట్ల వస్తది?"

కాక గుడిసె ఉన్న జాగా ఎవరిదో నాకు తెలుసు. అది మా పాత దొడ్డి. మాదే.

జాగా లేనివాళ్లకు జాగా కూడా ఇస్తామని ఎన్నికలప్పుడు చెప్పారు. ఆ మాటను మనం గట్టిగా అడగాల్సిందే. ఎవరికి, ఎక్కడ, ఏ లెక్కన ఇస్తారో ఊరూరా గోడ మీద రాసి పెట్టమని అడగాలి. కానీ అడిగే ముందు మన దొడ్ల వంక కూడా ఒకసారి చూసుకోవాలి. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా మనలో ఎంతమందికి ఊళ్లో ఖాళీ జాగా లేదు? అందులో తరాలుగా ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు కదా? 75 గజాలు వాళ్ల పేరున రిజిస్టర్ చేస్తే మనకు పోయేదేమిటి? జాగా మీ పేరునే ఉంటే హ్యూస్టన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపినా పని నడుస్తుంది.

మా జాగా బాపు పేరున ఉంది. "రేట్లు పెరుగుతున్నయ్, రేపు నీ పిల్లలకు అక్కరకొస్తది" అంటాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకు ఒక క్షణం నేనూ మెత్తబడ్డాను. నా పిల్లలు ఆ దొడ్డిని చూసింది ఒక్కసారే.

బాపు ఇంకా ఊ అనలేదు. దసరాకు ఇంటికి పోతున్నాను, ఆ మాట తేల్చుకునే వస్తాను. మీరూ ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి, మన దొడ్డిలో ఉంటున్నది ఎవరని.