అన్న వాచీ... తమ్ముడి వాచీ!

రావివలస నుంచి పలాస వెళ్లి జీడిపప్పు కొనాలంటే మొదటి ప్రశ్న ఒకటే: గుండా, బద్దా? పాయసంలో రుచి ఒకటే, ధరలోనే తేడా. సముద్రంలో మునిగే డైవర్ల కోసం పుట్టిన రోలెక్స్, ట్యూడర్ వాచీలదీ ఇంచుమించు ఇదే కథ.

రెండింటికీ మూలపురుషుడు హాన్స్ విల్స్‌డార్ఫే. రోలెక్స్ నమ్మకం తక్కువ ధరకి అందాలని 1926లో ట్యూడర్ పేరు రిజిస్టరు చేయించాడు. 1953లో రోలెక్స్ సబ్‌మెరైనర్ వచ్చింది. మరుసటి ఏడాదే ట్యూడర్ సబ్‌మెరైనర్! నీరు చొరబడని పైకేసు అన్నదే. లోపలి యంత్రం మాత్రం బయట కొన్నది. ధర తగ్గిన కిటుకు అదే.

అలాగని తమ్ముడు తీసిపోలేదు. ఫ్రెంచి నౌకాదళం తన డైవర్లకి ట్యూడర్లు ఇచ్చింది. 2015 నుంచి సొంత యంత్రాలూ వచ్చాయి. ట్యూడర్ పెలగోస్ 500 మీటర్ల లోతుకి తట్టుకుంటే, ఇప్పటి సబ్‌మెరైనర్ హామీ 300 మీటర్లు.

మరి ఏది కొనాలి? తిరిగి అమ్మితే సాధారణంగా రోలెక్స్‌కే గిరాకీ. పెట్టుకు తిరగడానికైతే ట్యూడర్ చాలు. కానీ ‘తక్కువ ధర’ అన్నా అదీ లక్షల్లోనే. అప్పు చేసి కొనే వస్తువు మాత్రం రెండూ కావు. భావనపాడు తీరంలో మునకేయడానికి 500 మీటర్ల హామీ ఎందుకు చెప్పండి?