పందెం పోయింది, ఫ్యాంటసీ ఉంది

ఐపీఎల్ మ్యాచ్ ఏడున్నరకైతే అసలు హడావిడి ఏడింటికే మొదలవుతుంది. టాస్ పడి, తుది జట్లు బయటికి రాగానే ఫోన్లలో సర్దుబాట్లు. కెప్టెన్‌గా పెట్టుకున్నవాడు బెంచీ మీద ఉన్నాడని తెలిసి గుండె గుభేలుమంటుంది. ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక ఈ ఆదుర్దా రెట్టింపైంది. అతను మొదట బ్యాటింగ్‌కి వస్తాడా, అసలు వస్తాడా అన్నది చివరిదాకా తేలదు. గల్లీకో సెలెక్టర్ ఉండే దేశంలో, సెలెక్షన్‌కి మార్కులు వేసే ఆట పెడితే జనం ఎగబడకుండా ఉంటారా?

2025 ఆగస్టులో ఈ ఆట నుంచి డబ్బు తప్పుకుంది. ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో గందరగోళం మధ్య, పెద్దగా చర్చ లేకుండానే గట్టెక్కింది. 22న రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత తేడాను చట్టం పక్కన పెట్టింది. డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. డ్రీమ్11 నగదు పోటీలు ఆపేసింది, బీసీసీఐతో రూ.358 కోట్ల జెర్సీ ఒప్పందమూ మధ్యలోనే ముగిసింది. ఆ సెప్టెంబరులో భారత జట్టు ఆసియా కప్‌ను స్పాన్సర్ పేరు లేని చొక్కాలతో ఆడింది.

తెలుగు రాష్ట్రాలవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి, నైపుణ్యపు ఆటల పేరుతో ఉన్న వెసులుబాటును తీసేశాయి. ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య స్టార్ క్రికెటర్లు టీవీలో జట్టు వేయమని పిలుస్తుంటే, మనవాళ్లకు ఆ యాప్‌లలో నగదు పోటీల తలుపు మూసి ఉండేది. విచిత్రమేమిటంటే, పేకాటలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని సుప్రీంకోర్టు 1960లలో చెప్పింది సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులోనే. ఆ వరుసలోనే 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఫ్యాంటసీకీ నైపుణ్యం ముద్ర వేసింది.

ఆ ముద్ర అబద్ధం కాదు. వంద క్రెడిట్లలో పదకొండు మందిని ఎంచాలి. కెప్టెన్‌కి రెట్టింపు పాయింట్లు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్లు. పిచ్ ఎలాంటిది, రాత్రి మంచు పడుతుందా, డెత్ ఓవర్లు ఎవరు వేస్తారు, ఇవన్నీ తెలిసినవాడికి తెలియనివాడి మీద పైచేయి ఉంటుంది. కానీ రూ.49 కట్టి కోటి కొట్టాలని లక్షల మంది బరిలోకి దిగి, ఒక్కొక్కరు పదుల జట్లు వేసే పోటీలో, ఆ పైచేయి సగటు అభిమానికి ఎంత మిగులుతుంది? అక్కడ అతను క్రికెట్ తెలిసినవాడిగా కాక లాటరీ టికెట్ కొన్నవాడిగా మిగిలిపోతాడు. 45 కోట్ల మంది ఏటా సుమారు రూ.20,000 కోట్లు ఇలాంటి ఆటల్లో పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వ అంచనా. అందులో ఫ్యాంటసీ వాటా ఎంత, రమ్మీ వాటా ఎంత అని విడదీసి చూపి ఉంటే వాదన ఇంకా గట్టిగా నిలిచేది.

అయితే అభిమాని ఆనందం ఆ రూ.49లో ఉందా? లేదనే నా నమ్మకం. ఫ్యాంటసీ చేసే అసలు పని చూపును మార్చడం. మామూలుగా అయితే సన్‌రైజర్స్ ఆడని మ్యాచ్‌ని హైదరాబాద్ అభిమాని సగం మనసుతో చూస్తాడు. జట్టు వేశాక, ఎక్కడో డీప్ మిడ్‌వికెట్‌లో నిలబడ్డ కుర్రాడు పట్టే క్యాచ్ కూడా అతని సొంత వ్యవహారమే. దేశవాళీలో ఎవరు ఫామ్‌లో ఉన్నారో వెతుకుతాడు, పేరు తెలియని ఎడమచేతి స్పిన్నర్‌ని తీసుకుంటాడు, అతనికి మూడు వికెట్లు పడితే మర్నాడు ఆఫీసులో కాలరెగరేస్తాడు. దీనికి ఒక చిక్కూ ఉంది. ఎదుటి జట్టు ఓపెనర్‌ని కెప్టెన్‌గా పెట్టుకున్నవాడు, తన జట్టు బౌలర్ అతని వికెట్ తీస్తే చప్పట్లు కొట్టాలో తల పట్టుకోవాలో తెలియక తికమకపడతాడు. ఈ రెండు నావల ప్రయాణంలో ఓ తమాషా ఉంది. జేబులో డబ్బు పెట్టినవాడికి మాత్రం అది తమాషాగా ఉండదు.

డబ్బు లేకుండా ఇది నిలుస్తుందా అంటే, ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ని చూడాలి. ఫ్యాంటసీ ప్రీమియర్ లీగ్‌కి ప్రవేశ రుసుము లేదు. అయినా కోటి మందికి పైగా ఆడుతున్నారు, మనదేశంలోనూ శనివారం సాయంత్రాలు గడువు కోసం గడియారం చూసుకునేవారు తక్కువేమీ కాదు. 38 వారాల పాటు 15 మందిని సాకాలి. ఒక్క రాత్రి అదృష్టం తిరిగితే సరిపోదు. 2024-25 సీజన్‌లో మొహమ్మద్ సలా 344 పాయింట్లతో రికార్డు సృష్టించినప్పుడు, మొదటి వారం నుంచి అతన్ని వదలకుండా పట్టుకున్నవారి ముచ్చట చూడాల్సింది. వాళ్లకి దక్కింది స్నేహితుల లీగ్‌లో పైస్థానం, ఎదుటివాళ్లని ఏడాది పొడవునా ఆటపట్టించే హక్కు.

కొత్త చట్టం ఇలాంటి ఉచిత ఆటల జోలికి వెళ్లలేదు. చట్టం చెల్లుబాటుపై హైకోర్టుల్లో పడ్డ పిటిషన్లను సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించుకుంది. కంపెనీలకు అది బతుకు సమస్య. మన దగ్గర మాత్రం, యాప్ తలుపులు మూసుకున్న ఈ ఏళ్లలో కూడా, వాట్సాప్ గ్రూపులో పదకొండు పేర్లు రాసి, మ్యాచ్ అయ్యాక పాయింట్లు చేత్తో లెక్కేసుకున్న బృందాలున్నాయి. వాటిలో గొడవంతా లెక్కల దగ్గరే: ఆ రనౌట్ పాయింట్లు విసిరినవాడికా, బెయిల్స్ పడగొట్టినవాడికా అని.