కడలిపువ్వు – క్లౌన్ చేప



ఇండ్లలో అద్దాల తొట్లయందు రంగుచేపలను పెంచు వాడుక మన పల్లెలకును వచ్చినది. 2003వ సంవత్సరమున వెలువడిన ‘ఫైండింగ్ నీమో’ యను చలనచిత్రమును జూచిన పిల్లలు, నారింజవన్నెపై తెల్లని పట్టెలుగల క్లౌన్ చేపయే గాక, అది నివసించు కడలిపువ్వును గూడ కొనిపెట్టుమని తల్లులను వేధించుచుందురు. ఆ రెండింటి చెలిమి యెట్టిదో, దానిని మన యింట నిలుపవచ్చునో కాదో యీ మాసమున ముచ్చటింపదలచితిమి.

కడలిపువ్వు పువ్వు గాదు, జంతువు. శాస్త్రజ్ఞులు దీనిని సీ ఎనిమోన్ అందురు. ఇది రాతి నంటుకొని, రేకులవంటి చేతులను చాచియుండును. ఆ చేతులనిండ విషపు ముండ్లు గలవు. తగిలిన చిన్నచేప చచ్చి దాని కాహార మగును. క్లౌన్ చేప మాత్రము వానినడుమనే కాపురము చేయును. ఒంటిమీది జిగురుపొరయే దానికి కవచము. ఐనను క్రొత్త పువ్వును జేరునపుడు తొందరపడదు. మెల్లగా తాకుచు, వెనుకకు తగ్గుచు, క్రొత్తకోడలు అత్తవారింట మెలగ నేర్చినట్లు, కొన్ని గంటలకో దినములకో లోనికి బోవును.

ఆశ్రయమిచ్చిన పువ్వునకు చేపయు ఋణము తీర్చుకొనును. పువ్వును కొరుకవచ్చు చేపలను తరిమివేయును. రాత్రివేళ దాని నడుమ కదలుచు క్రొత్తనీటిని వీచును. చేప మలము పువ్వు దేహమునందలి సూక్ష్మమైన నాచునకు ఎరువగును. ఆ నాచు వెలుతురున ఆహారము చేసి పువ్వును పోషించును. సంస్కృత నాటకములందలి విదూషకుడు నవ్వించుటకే గాక రాజునకు ఆంతరంగిక మిత్రుడును గదా! ఈ విదూషక మీనమును అట్టిదే.

దీని సంసారము మఱింత వింత. ఒక పువ్వునందలి చేపలలో అన్నిటికంటె పెద్దది ఆడుది; ఆమెదే పెత్తనము. గ్రుడ్లను కాచి, రెక్కలతో విసరు దాది పని మగనిది. వారము పదిదినములలో పిల్లలు వెలువడును. ఆడుది మరణించినచో ఆ మగడే ఆడుదిగా మాఱును. చలనచిత్రమున నీ సంగతి చెప్పలేదు.

ఇక మన యింటి మాట. మా చుండూరునకు సూర్యలంక సముద్రము దూరము గాదు. కాని యది యిసుకతీరము. ఈ జంట అండమాన్, లక్షద్వీపముల వంటి పగడపుదిబ్బలయందు నివసించును. కాలువనీరు వీనికి పనికిరాదు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల సముద్రలవణ మిశ్రమము కావలెను, వంటయుప్పు చాలదు. మన వేసవిలో తొట్టినీరు వేడెక్కకుండ కాపాడవలెను. పువ్వునకు తీవ్రమైన వెలుతురును, చాల నెలలుగా కుదుటపడిన తొట్టియు లేనిదే బ్రతుకదు. అది చచ్చి క్రుళ్లినచో నీరు చెడి చేపలును చచ్చును.

అల్పాయువు గల జీవియా యందురేమో! 1828లో జాన్ డాలియల్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు తెచ్చి గాజుపాత్రలో నుంచిన వేఱొకజాతి కడలిపువ్వు, చూచువారి శ్రద్ధవలన ఆయన గతించిన పిదపను 1887 వఱకు జీవించెను. అట్టి ప్రాణి మన తొట్టిలో మాసమునకే వాడిపోయిన, ఆయువు తీరి పోయినదన వీలులేదు.

చేప మాటకు వచ్చిన, శత్రువులు లేని తొట్టిలో దానికి పువ్వు అవసరము లేదు. పువ్వు లేకయే గ్రుడ్లను గూడ పెట్టును. తమిళనాట మండపమునందలి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి కేంద్రమున వీనిని గ్రుడ్లనుండి పెంచు విధానమును సాధించియున్నారు. కావున పిల్లలు మిక్కిలి కోరినచో, ధర యడుగకముందే “ఇది తొట్టిలో పుట్టినదా, కడలినుండి పట్టినదా?” యని యడుగుడు. తొట్టిలో పుట్టిన చేపనే తెచ్చి, పువ్వును కడలికే విడిచిపెట్టుడని మా మనవి.